లింక్డ్‌ఇన్‌లో ఇంతమంది ఉన్నా ఒక్క రిఫరల్ రాదేం?

ప్లాట్_ప్రయాణం
నేను ఇళ్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్‌ని. లింక్డ్‌ఇన్‌లో నా పేరు కింద 500+ కనెక్షన్లు అని కనబడడం మొదలై చాలా కాలమైంది. ఫేస్‌బుక్‌లో 5,000 మంది పరిమితికి దగ్గరపడ్డాను. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ రోజూ ఏదో ఒకటి పెడుతున్నాను. కొనేవాళ్ల కోసం అడగడం లేదు, దానికి ప్రకటనలున్నాయి. నాకు కావాల్సింది ఈ రంగంలో పనిచేసే మనుషుల పరిచయం. హోమ్ లోన్ ఆఫీసర్లు, లాయర్లు, ఆస్తుల విలువ కట్టే వాల్యుయర్లు, ఆర్కిటెక్టులు, వేరే ఊళ్ల ఏజెంట్లు. వాళ్ల దగ్గరికి వచ్చిన పార్టీని నా దగ్గరికి పంపాలి, నా పార్టీలను నేను వాళ్ల దగ్గరికి పంపాలి. కానీ నా పోస్టులకు వచ్చే లైకులన్నీ నాలాంటి ఏజెంట్లవే. మెసేజ్ వచ్చిందంటే "నా దగ్గరా ఇలాంటిదే ఉంది, మీ పార్టీ ఎవరైనా ఉంటే చెప్పండి" అని. మా ఆఫీసులో ఒకాయన ఎప్పుడో గాని పోస్టు పెట్టరు, ఆయనకు మాత్రం లాయర్ల నుంచి, బ్యాంకు వాళ్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఈ సైట్ల మీద పెట్టే టైమంతా ఫీల్డులో పెట్టుకోమంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_ఏజెంట్
చివరగా పెట్టిన మూడు పోస్టులేమిటో ఇక్కడ రాయండి. అవి చూడకుండా ఏం చెప్పినా గాలిలో మాటే.

ప్లాట్_ప్రయాణం
ఒకటి "కార్నర్ ప్లాట్, క్లియర్ టైటిల్, మంచి అవకాశం, త్వరపడండి" అని ఫొటోలతో పెట్టింది. రెండోది మూడు బెడ్‌రూముల ఫ్లాట్, వెంటనే దిగిపోవచ్చు అని. మూడోది నా ఫొటో మీద ఒక మంచిమాట.

డీల్_ముఖ్యం
అందరూ పెట్టేదే కదా. అందులో తప్పేముంది?

లోన్_డెస్క్
తప్పు కాదండీ, నాకు పనికిరాదంతే. నేను హోమ్ లోన్లు చూసే ఉద్యోగిని. ఏజెంట్ల నుంచి కనెక్షన్ రిక్వెస్టులు కుప్పలుగా వస్తాయి. కార్నర్ ప్లాట్ ఫొటో చూసి నేను చేసేదేముంది? కొనేది నేను కాదు. నా దగ్గరికి లోన్ కోసం వచ్చినవాడిని ఒక ఏజెంట్ దగ్గరికి పంపాలంటే, ఆ ఏజెంట్ నా ఫైలును చెడగొట్టడు అన్న నమ్మకం ఉండాలి. అది ప్లాట్ ఫొటోలో కనబడదు.

ఒక ఏజెంట్ రాసిన పోస్టు గుర్తుంది. అమ్మేవాళ్ల పేరు ఒక పత్రంలో ఒకలా, ఇంకో పత్రంలో ఇంకోలా ఉంటే బ్యాంకు ఎక్కడ ఆపుతుందో, అడ్వాన్స్ తీసుకోకముందే దాన్ని ఎలా సరిచేయించుకోవాలో రాశాడు. ఫొటో లేదు, ఫోన్ నంబరు లేదు. అది చదివి నేనే ఆయనకు మెసేజ్ పెట్టాను. నా పనిలో సగం తలనొప్పి అక్కడే ఉంటుంది మరి. లోన్ అర్హత తేలిపోయి ఇల్లు ఇంకా దొరకనివాళ్లు నా దగ్గర ఎప్పుడూ ఉంటారు. వాళ్లు మంచి ఏజెంట్ ఎవరని అడిగితే నా నోటికి మొదట వచ్చేది ఇప్పుడు ఆయన పేరే.

ప్లాట్_ప్రయాణం
అంటే లిస్టింగులు, అదే అమ్మకానికున్న ప్లాట్లు, ఫ్లాట్ల పోస్టులు, అసలు పెట్టొద్దా?

లోన్_డెస్క్
పెట్టుకోండి, అవి కొనేవాళ్లకు. మమ్మల్ని కోరుకుంటే మా పనికి సంబంధించింది కూడా కొంత రాయండి.

టైటిల్_చూసేవాడు
లోన్_డెస్క్ గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. నేను లాయర్‌ని. చాలా చోట్ల మా వృత్తి నియమాలు మేము ప్రకటన ఇచ్చుకోవడాన్ని, పని అడుక్కోవడాన్ని ఒప్పుకోవు. అందుకే ఏజెంట్ల పోస్టుల కింద మేము పెద్దగా కామెంట్లు పెట్టం, లైకులూ తక్కువే. చదవడం లేదనుకోవద్దు. "క్లియర్ టైటిల్" అని, అంటే యాజమాన్యం మీద ఏ చిక్కూ లేదని పోస్టులో రాసినవాళ్లను నేను గమనిస్తాను. ఏ పత్రాలు చూసి ఆ మాట అన్నారో రాసినవాళ్లంటే గౌరవం పెరుగుతుంది. పత్రాలు చూడకుండానే ప్రతి ప్లాటుకూ ఆ మాట తగిలించేవాళ్ల దగ్గరికి నా క్లయింటును పంపను.

మనవి ఒకటి. అనుభవం రాసేటప్పుడు పార్టీల పేర్లు, సర్వే నంబరు, పత్రాల ఫొటోలు పెట్టకండి. పేరు మీద నల్లగీత గీసి పెట్టినా మిగతా వివరాలను బట్టి ఎవరో కనిపెట్టేస్తారు. అడ్వాన్స్ దశలో ఉన్న డీల్ గురించి ఒక ఏజెంట్ గొప్పగా రాసుకుంటే, అది చూసి ఇంకో కొనుగోలుదారు నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్లాడు. ఆ గొడవ చివరకు నా టేబుల్ మీదికే వచ్చింది.

డీల్_ముఖ్యం
ఇదంతా చదవడానికి బాగుంటుంది. నేను చాలా ఏళ్లుగా ఫీల్డులో ఉన్నాను. పని జరిగేది సైట్ దగ్గర, బిల్డర్ ఆఫీసులో, ఫోన్లో. లింక్డ్‌ఇన్‌లో వ్యాసాలు రాస్తూ కూర్చుంటే పక్కవాడు డీల్ పట్టుకుపోతాడు. వాట్సాప్ గ్రూపులు చాలు. వేస్తే వెంటనే తెలిసిపోతుంది, పార్టీ ఉంటే ఉంది, లేకపోతే లేదు.

స్క్వేర్‌ఫీట్_సుమ
వాట్సాప్ గ్రూపా? నేనున్న ఒక గ్రూపులో ఒకే ఫ్లాట్ నలుగురి పేరుతో నాలుగు రేట్లకు వచ్చింది.

పాత_ఏజెంట్
గ్రూపులో 1,024 మంది దాకా చేర్చుకోవచ్చు. అంతమంది చేరాక అక్కడ అడిగేవాళ్లు ఉండరు, వేసేవాళ్లే ఉంటారు. నేను చాలా వాటిని మ్యూట్‌లో పెట్టేశాను. కానీ డీల్_ముఖ్యం అన్నదాంట్లో న్యాయం ఉంది. చిన్న గ్రూపు, అందరూ ఒకరికొకరు ముఖపరిచయం ఉన్నవాళ్లు, ఒకే రకం ప్రాపర్టీ చేసేవాళ్లు అయితే దానికి మించిన సాధనం లేదు. మేము అద్దె షాపులు మాత్రమే చేసే కొద్దిమందిమి ఒక గ్రూపు పెట్టుకున్నాం. నియమం ఒక్కటే, "నా పార్టీకి ఇది కావాలి" అని మాత్రమే వేయాలి. "నా దగ్గర ఇది ఉంది" అని వేయకూడదు. ఉన్నవాడు అడిగినవాడికి విడిగా చెబుతాడు. రోజుకు రెండు మూడు మెసేజ్‌లకు మించి రావు, అన్నీ చదువుతాం.

డీల్_ముఖ్యం
ఇది బాగుంది అన్నా. మా గ్రూపులో పెట్టి చూస్తాను.

కిటికీ_పక్కన
బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడొచ్చు కదా? ఒకేసారి అందరికీ పోతుంది.

స్క్వేర్‌ఫీట్_సుమ
ఒక లిస్టులో 256 మందే. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మన నంబరు సేవ్ చేసుకోని లాయర్ గారికి ఎన్నిసార్లు పంపినా పోదు.

లెక్కల_మనిషి
మొదటి పోస్టులో ఒక ముక్క నాకు ఆసక్తిగా అనిపించింది. ఏజెంట్లకు ఏజెంట్లే లైక్ కొడుతున్నారన్నది. దీని మీద సామాజిక శాస్త్రంలో పాత చర్చ ఉంది. మార్క్ గ్రానొవెటర్ అనే ఆయన పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగి చూసి 1973లో ప్రచురించాడు. ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లమన్నది 16.7 శాతం మందే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నది 55.6 శాతం. ఏడాదికి ఒకసారో, అంతకన్నా తక్కువో కలిసేవాళ్లమన్నది 27.8 శాతం. కారణం తేలికే. మనం రోజూ కలిసేవాళ్లకు తెలిసింది మనకూ తెలుసు. కొత్త కబురు ఎక్కువగా వేరే గుంపులో తిరిగే మనిషి నుంచే వస్తుంది.

ప్లాట్_ప్రయాణం గారి 500+ లో ఎంతమంది ఏజెంట్లు, ఎంతమంది వేరే పని చేసేవాళ్లు? పదిలో తొమ్మిది మంది ఏజెంట్లే అయితే, పరిచయాల సంఖ్య ఎంత పెరిగినా అదే కబురు చుట్టూ తిరుగుతుంది.

రెండో_అభిప్రాయం
ఉద్యోగం వేరు, ఇల్లు వేరు. ఉద్యోగం గురించి కబురు చెప్పడానికి పోయేదేమీ లేదు. మన క్లయింటును ఒక ఏజెంట్ చేతిలో పెడితే, అతను మోసం చేస్తే మన పేరు పోతుంది. బలహీనమైన పరిచయంతో అంత దూరం వెళ్లరు.

లెక్కల_మనిషి
మంచి ప్రశ్న. మీ వైపు ఆధారం కూడా ఉంది. లింక్డ్‌ఇన్‌లో దాదాపు 2 కోట్ల మంది మీద, "మీకు తెలిసి ఉండవచ్చు" అని చూపించే పేర్లను మార్చి మార్చి చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో వచ్చాయి. మరీ దగ్గరివాళ్ల కన్నా, అసలు తెలియనివాళ్ల కన్నా, మధ్యస్థంగా పరిచయం ఉన్నవాళ్ల వల్ల ఉద్యోగం మారడం ఎక్కువగా కనబడింది. అయితే అది డిజిటల్ పని ఎక్కువున్న రంగాల్లో. అలాంటి పని తక్కువున్న రంగాల్లో దగ్గరి పరిచయాలే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

డీల్_ముఖ్యం
చూశారా, నేనన్నదే. మన పని కాగితాలు, మట్టి, మనుషులు. దగ్గరి పరిచయమే కావాలి.

పాత_ఏజెంట్
దగ్గరి పరిచయం కూడా ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. ఈ సైట్లలో కాస్త తెలిసిన మనిషిని, ఫోన్ చేస్తే ఎత్తే మనిషిగా మార్చుకోవడం మిగిలిన పని. అది సైట్లో జరగదు. చాలామంది ఆగిపోయేది అక్కడే. కనెక్ట్ అయ్యారు, రెండు లైకులు కొట్టుకున్నారు, ఏళ్లు గడిచాయి, ఒకరి గొంతు ఒకరు వినలేదు.

వాల్యుయర్_వాణి
ఇది నా విషయంలో ఎలా జరిగిందో చెబుతాను. నేను ఆస్తుల విలువ కట్టే పని చేస్తాను. ఒకసారి ఫేస్‌బుక్‌లో ఒక వృత్తి గ్రూపులో ప్రశ్న వేశాను. పాత ఇంటిని ఆఫీసుగా మార్చినప్పుడు పోల్చి చూడడానికి ఆ చుట్టుపక్కల అలాంటి అమ్మకాలు లేకపోతే ఎవరెవరు ఏం చేస్తున్నారని. చాలామంది "నన్ను సంప్రదించండి" అని నంబర్లు పెట్టారు. వేరే ఊరి ఏజెంట్ ఒకామె మాత్రం, తన ప్రాంతంలో అలాంటి మార్పిడి జరిగిన భవనాలకు అద్దె ఎలా కుదిరింది, ఖాళీగా ఎంతకాలం ఉన్నాయి, పార్కింగ్ లేక ఎవరు వెనక్కి తగ్గారు అని వివరంగా రాసింది. అమ్మకాలతో పోల్చే వీలు లేకపోతే అద్దె రాబడి నుంచి విలువకు వెళ్తాం, అందుకని ఆ వివరాలే నాకు కావాల్సినవి. మర్నాడు ఫోన్ చేసి మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత ఆమె పార్టీలకు వాల్యుయేషన్ కావాల్సి వస్తే నన్ను అడుగుతుంది. ఆ ఊరు మారుతున్నవాళ్లు నాకు తగిలితే ఆమె నంబరు ఇస్తాను. మేమిద్దరం ఎదురెదురుగా కలిసింది చాలా తర్వాత, ఒక సదస్సులో. ఆమె నాకు ఎప్పుడూ ఒక్క లిస్టింగ్ కూడా పంపలేదు.

కొత్తింటి_గోడ
వాణి గారూ, ఆమె చెప్పిన వివరాలు నిజమో కాదో ఎలా చూసుకున్నారు?

వాల్యుయర్_వాణి
ఆమె మాటను నేరుగా రిపోర్టులో వాడలేదు, వాడకూడదు కూడా. ఎక్కడ వెతకాలో తెలిసింది. రికార్డులు నేనే తీసి చూసుకున్నాను. అవి ఆమె చెప్పినదానితో సరిపోయాక నమ్మకం కుదిరింది.

ఇల్లు_వెతుకుతున్నా
నేను ఏజెంట్‌ని కాదు, కొనేవాడిని. బయటివాడి మాట ఒకటి. నాకు ఇద్దరు ఏజెంట్ల పేర్లు చెప్పారు. ఇద్దరి ప్రొఫైళ్లూ చూశాను. పోస్టుల కన్నా వాళ్లు వేరేవాళ్ల పోస్టుల కింద ఏం రాశారో చూశాను. ఒకాయన తోటి ఏజెంట్‌ని అందరి ముందూ తిట్టాడు, కమీషన్ విషయంలో. న్యాయం ఎవరి వైపుందో నాకు తెలియదు. రేపు నాతో తేడా వస్తే ఇలాగే చేస్తాడేమో అనిపించి ఫోన్ చేయలేదు.

లోన్_డెస్క్
ఇదే మేమూ చూస్తాం. నిజంగా.

ఆర్చ్_లైన్
ఆర్కిటెక్ట్ వైపు నుంచి. నేను చేసిన ఇంటి ఫొటోలు అమ్మకానికి వచ్చినప్పుడు ఏజెంట్లు వాడుకుంటారు, నా పేరు వేయరు. ఫొటో తీసినవాళ్ల పేరూ వేయరు. ఒక ఏజెంట్ మాత్రం ముందు అడిగి, పేరు వేసి, ట్యాగ్ చేసింది. రెండు నిమిషాల పని. నాకు ఆమె గుర్తుండిపోయింది. ఇప్పుడు స్థలం వెతుకుతున్న క్లయింటు వస్తే ముందు ఆమెకే చెబుతాను.

ప్లాట్_ప్రయాణం
చాలా విషయాలు తెలుస్తున్నాయి, అందరికీ థాంక్స్. ఇప్పుడు రిక్వెస్టు పంపేటప్పుడు ఏం రాయాలో చెప్పండి. నేను ఇప్పటిదాకా పంపుతున్నది ఇది: "నమస్తే సర్, నేను రియల్ ఎస్టేట్ ఏజెంట్‌ని. మీ నెట్‌వర్క్‌లో చేరాలని ఉంది. కలిసి పనిచేస్తే ఇద్దరికీ లాభం."

లోన్_డెస్క్
దీన్ని ఎవరికైనా పంపొచ్చు. ప్లంబర్‌కు పంపినా సరిపోతుంది, డాక్టర్‌కు పంపినా సరిపోతుంది. అందుకే నాకు పంపినట్టు అనిపించదు. "ఇద్దరికీ లాభం" అంటే కమీషన్ మాట్లాడబోతున్నారని భయం కూడా వేస్తుంది. మా ఉద్యోగంలో అది ప్రమాదం.

స్క్వేర్‌ఫీట్_సుమ
నేను పంపేది ఇలా ఉంటుంది: "సొంత వ్యాపారం చేసేవాళ్ల ఆదాయాన్ని లోన్ కోసం ఎలా లెక్కగడతారో మీరు రాసింది చదివాను. నా పార్టీల్లో అలాంటివాళ్లు ఎక్కువ. ఇలాంటివి ఇంకా రాస్తే చదువుదామని కనెక్ట్ అవుతున్నాను." ఇంతే. అడగడం ఏమీ ఉండదు.

టైటిల్_చూసేవాడు
ఇలాంటిదైతే నేను ఒప్పుకుంటాను.

ప్లాట్_ప్రయాణం
అవతలివాళ్లు ఏమీ రాయకపోతే? చాలామంది ప్రొఫైల్ పెట్టి వదిలేస్తారు.

స్క్వేర్‌ఫీట్_సుమ
అప్పుడు ఇద్దరికీ తెలిసిన మనిషి ఎవరున్నారో చూడండి. లింక్డ్‌ఇన్‌లో రెండో వరుస అని చూపిస్తుంది కదా, మధ్యలో ఎవరున్నారో కూడా కనబడుతుంది. ఆ మధ్య మనిషికి ఫోన్ చేసి "ఫలానా లాయర్ గారు మీకు బాగా తెలుసా, పరిచయం చేస్తారా" అని అడగండి. వాళ్లు తెలియదంటే వదిలేయండి. వాళ్ల పేరు చెప్పుకుని మాత్రం వెళ్లకండి.

ఇంకొకటి, ఉచిత ఖాతాలో నోట్‌తో పంపే రిక్వెస్టులు నెలకు కొన్నే ఉంటాయి. వాటిని లోన్ ఆఫీసర్లకు, లాయర్లకు దాచుకోండి. ఆఫీసులో పక్క కుర్చీవాడికి నోట్ అక్కర్లేదు.

కిటికీ_పక్కన
పక్క కుర్చీవాడికి కనెక్షనే అక్కర్లేదు, పెన్ను విసిరితే చాలు 😄

రెండో_అభిప్రాయం
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. రిఫరల్ ఇస్తే డబ్బు ఇవ్వాలా వద్దా? నేను పంపిన పార్టీతో ఒక ఏజెంట్ డీల్ క్లోజ్ చేసుకుని, ఆ తర్వాత మెసేజ్‌లకు జవాబు ఇవ్వలేదు. ఈ పరిచయం మొదలైంది ఇలాంటి సైట్లోనే.

పాత_ఏజెంట్
ఏజెంటుకూ ఏజెంటుకూ మధ్య అయితే పార్టీ వివరాలు ఇవ్వకముందే రాసుకోవాలి. ఎంత శాతం, ఎప్పుడు ఇస్తారు, పార్టీ ఆరు నెలల తర్వాత కొన్నా వర్తిస్తుందా, కొనకుండా అద్దెకు తీసుకుంటే ఏమిటి. ఈమెయిల్లో రెండు వైపులా "సరే" అని ఉంటే చాలా గొడవలు పుట్టవు. సైట్లో చాటింగ్ మీద ఆధారపడకండి. ఖాతా మూసేసినా, బ్లాక్ చేసినా దాన్ని వెతకడం కష్టం. ముందుగా లైసెన్స్ ఉందో లేదో అధికారిక జాబితాలో చూసుకోండి. చాలా చోట్ల లైసెన్స్ లేని మనిషికి కమీషన్ పంచడం చట్టరీత్యా కుదరదు.

టైటిల్_చూసేవాడు
లోన్ వాళ్లు, లాయర్లు, వాల్యుయర్ల దగ్గరికి వచ్చేసరికి డబ్బు మాట ఎత్తకపోవడమే మంచిది. అమెరికాలో 1974 నాటి రెస్పా చట్టం సెక్షన్ 8 ఇళ్ల లోన్ల లావాదేవీల్లో రిఫరల్ కోసం లంచంలాంటి చెల్లింపులు, కానుకలు ఇవ్వడాన్ని నేరంగా చూస్తుంది. మిగతా దేశాల్లో నియమాలు వేరువేరుగా ఉంటాయి, మీ చోట ఏముందో చూసుకోండి. నియమం ఉన్నా లేకపోయినా ఆలోచించండి. పత్రాలు బాగోలేవని చెప్పాల్సిన లాయర్, విలువ తక్కువని చెప్పాల్సిన వాల్యుయర్ మీ దగ్గర డబ్బు తీసుకుంటే కొనేవాడి గతేమిటి?

వాల్యుయర్_వాణి
నూటికి నూరు పాళ్లు. "పార్టీలను పంపుతాను, విలువ కాస్త చూసి వేయండి" అని మెసేజ్ పెట్టిన ఏజెంట్‌ని నేను ఆ నిమిషమే బ్లాక్ చేశాను.

రెండో_అభిప్రాయం
మరి వాళ్లెందుకు పంపుతారు మనకు?

లోన్_డెస్క్
నా ఫైలు సాఫీగా పోవడానికి. చెప్పిన రోజుకు పత్రాలు ఇచ్చే ఏజెంట్ ఉంటే నా పని తేలిక, నా క్లయింటు సంతోషంగా ఉంటాడు, తన స్నేహితులను నా దగ్గరికి పంపుతాడు. నాకు అది చాలు.

స్క్వేర్‌ఫీట్_సుమ
ఒక విషయం ఆడవాళ్ల కోసం రాస్తున్నాను, మగవాళ్లూ చదవండి. ఈ సైట్లలో పని పేరుతో పరిచయం పెంచుకుని రాత్రుళ్లు మెసేజ్‌లు పెట్టేవాళ్లు ఉన్నారు. ఖాళీ ఇల్లు చూపించమని ఒంటరిగా రమ్మనేవాళ్లు ఉన్నారు. నేను పెట్టుకున్న పద్ధతి: మొదటి సంభాషణ అందరికీ కనబడే కామెంట్లలోనే, తర్వాత ఆఫీసు నంబరుకు ఫోన్, మొదటిసారి కలవడం ఆఫీసులోనే, పగటిపూటే. సొంత నంబరు ప్రొఫైల్లో పెట్టను. దీనివల్ల నాకు దూరమైనవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు నాకు అక్కర్లేదు. తోటి ఏజెంట్‌తో నిజంగా పని ఉన్న మగవాళ్లు ఆఫీసు వేళల్లో, ఆఫీసు విషయమే రాయండి. మాకు ఎంతో తేలికవుతుంది.

వాల్యుయర్_వాణి
సుమ గారూ, ఇది రాసినందుకు చాలా థాంక్స్. సైట్ విజిట్‌కు వెళ్లేముందు ఎక్కడికి, ఎవరితో అన్నది ఆఫీసులో ఒకరికి చెప్పి వెళ్లడం నేను ఎప్పుడూ మానను.

ఆర్చ్_లైన్
ఇళ్ల ఫొటోల గురించి కూడా జాగ్రత్త. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎక్కడ తీశారన్నది దాగి ఉండొచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉండిపోతుంది. ఓనర్ ఇంకా కాపురం ఉంటున్న ఇల్లయితే పిల్లల ఫొటోలు, బీరువాలు, తాళాలు కనబడకుండా తీయండి.

కొత్తింటి_గోడ
ఓనర్ అనుమతి సంగతి కూడా చెప్పండి. మా ఇల్లు ఒకే ఏజెంట్‌కు ఇచ్చాం. మూడో రోజుకి మాకు పేరు కూడా తెలియని గ్రూపులో మా పడకగది ఫొటోలు తిరుగుతున్నాయని చుట్టాలు ఫోన్ చేశారు. మా ఏజెంట్ తోటివాళ్లకు పంపాడు, వాళ్లు వాళ్ల వాళ్లకు పంపారు. అతనికి ఇచ్చిన ఇల్లు వెనక్కి తీసుకున్నాం. కోపం ఇంకా తగ్గలేదు.

పాత_ఏజెంట్
మీ కోపం న్యాయమైనదే. తోటి ఏజెంట్లకు పంపేటప్పుడు ఓనర్ ఒప్పుకున్న ఫొటోలే, ఓనర్ ఒప్పుకున్న చోటికే పంపాలి. వేరేవాళ్ల లిస్టింగ్‌ను సొంతదిలా పోస్టు చేసుకునేవాళ్లు ఈ చర్చ చదువుతుంటే దయచేసి మానండి. తోటి ఏజెంట్లతో సంబంధం చెడిపోవడానికి ఇంతకన్నా త్వరైన దారి నేను చూడలేదు.

డీల్_ముఖ్యం
ఈ విషయంలో నేనూ పాత_ఏజెంట్ అన్నతోనే. మా గ్రూపులో ఒకతను అలా చేస్తే బయటికి పంపేశాం.

ప్లాట్_ప్రయాణం
సరే, నేను ఇలా మొదలుపెడదామనుకుంటున్నాను. లిస్టింగులు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలోనే. లింక్డ్‌ఇన్‌లో వారానికి ఒకటి, నా పనిలో నేను చూసిన ఒక చిక్కు, అది ఎలా విడిపోయింది. పేర్లు లేకుండా. మొదటిది అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అమ్మకంలో ఒక్కరి సంతకం ఆలస్యమై లోన్ శాంక్షన్ గడువు దాటిపోబోవడం గురించి. మిగతా రోజుల్లో వేరేవాళ్ల ప్రశ్నలకు జవాబులు. ఇది సరిపోతుందా?

లోన్_డెస్క్
ఆ మొదటి పోస్టు పెట్టగానే లింక్ ఇక్కడ వేయండి. గడువు దాటితే వడ్డీ రేటు మళ్లీ లెక్కగట్టే అవకాశం ఉంటుందన్నది కూడా అందులో చేర్చండి, అది చాలామందికి తెలియదు.

రెండో_అభిప్రాయం
వారానికి ఒకటి రాయడం మీకు కుదురుతుందా? చాలామంది నెల తిరక్కుండానే ఆపేస్తారు. దానికన్నా జవాబులు రాయడమే మేలని నా అభిప్రాయం. ఎదుటివాళ్లు అడిగిందే కాబట్టి విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు.

వాల్యుయర్_వాణి
అవును. నా కథలో ఆ ఏజెంట్ చేసింది కూడా జవాబు రాయడమే.

ప్లాట్_ప్రయాణం
బాగుంది, జవాబులు మొదట, పోస్టులు వీలైనప్పుడు.

లెక్కల_మనిషి
అందరితోనూ సంబంధం నిలుపుకోవాలని చూడకండి. మనిషి నిలకడగా నడపగల సంబంధాలు 150 దాకా ఉంటాయని రాబిన్ డన్‌బార్ అంచనా. ఆ సంఖ్య మీద వాదాలు ఉన్నాయి గాని, అందులో మీ ఇంటివాళ్లు, స్నేహితులు కూడా ఉంటారని గుర్తుంచుకోండి. పని కోసం మిగిలేది కొద్దిమందే. లాయర్లు ఇద్దరు, లోన్ వాళ్లు ముగ్గురు, ఒక వాల్యుయర్, మీ పార్టీలు ఎక్కువగా ఏ ఊళ్లకు మారతారో ఆ ఊళ్లలో ఒక్కో ఏజెంట్. పేర్లు రాసుకుని వాళ్ల మీద పెట్టండి టైమ్.

ప్లాట్_ప్రయాణం
నా లింక్డ్‌ఇన్‌లో ఎవరెవరు ఏ పని చేస్తారో ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరిచి చూడాలా? చాలామంది ఉన్నారు.

స్క్వేర్‌ఫీట్_సుమ
అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీలోకి వెళ్తే మీ డేటా కాపీ తీసుకునే వీలుంది. అందులో కనెక్షన్స్ ఎంచుకోండి. పేరు, సంస్థ, హోదా, ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్నవి ఒక ఫైలుగా వస్తాయి. ఎక్సెల్‌లో తెరిచి హోదా వరుసలో లోన్, అడ్వొకేట్, వాల్యుయర్ అని వెతకండి. ఈమెయిళ్లు మాత్రం చాలామందివి ఖాళీగా ఉంటాయి, వాళ్లు అనుమతి ఇస్తేనే వస్తాయి.

ప్లాట్_ప్రయాణం
రిక్వెస్ట్ పెట్టాను. ఫైలు రాగానే ఎంతమంది ఏజెంట్లు కానివాళ్లున్నారో చూసి చెబుతాను.

కిటికీ_పక్కన
వాల్యుయర్ దొరక్కపోతే వాణి గారు ఇక్కడే ఉన్నారు.

వాల్యుయర్_వాణి
నా ఊరు కాకపోతే మీ ఊళ్లో తెలిసినవాళ్లను చెబుతాను. నోట్‌తో రిక్వెస్ట్ పంపండి.